రెండూళ్ళ ఫ్యాక్టరీ

కాలేజీ స్టాఫ్ రూమ్,
పరీక్ష పేపర్ల మధ్య నుంచి

వదినా,

ఇద్దరికీ నిజంగా మేలు చేసే బేరం అనేది ఒకటి ఉంటుందా? లేక ఎవరో ఒకరు నోరు మూసుకోవడం వల్ల అలా కనిపిస్తుందా? ఏళ్ళ తరబడి నన్ను వదలని ప్రశ్న ఇది. పిల్లలకి ఎకనామిక్స్ చెప్పేటప్పుడు బోర్డు మీద రెండు గీతలు గీసి, అవి కలిసిన చోట చుక్క పెట్టి, ఇక్కడ కొనేవాడూ అమ్మేవాడూ ఇద్దరూ సంతోషంగా ఉంటారని చెబుతాను. చుక్క పెట్టే ముందు ప్రతిసారీ నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఇంతవరకూ ఏ విద్యార్థీ గమనించలేదు.

ఫోన్ చేసి అడగొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు నన్ను ఎప్పుడు మాట్లాడనిచ్చావు? కాగితమైతే నా వంతు నాకుంటుంది.

సంగతేమిటంటే, మా ఊరికి గాజు సీసాల ఫ్యాక్టరీ వస్తానంటోంది. కంపెనీ తరఫున ఒకాయన వచ్చాడు. ఎంత ఎండలో తిరిగినా చొక్కా మడత నలగదు. మున్సిపల్ కౌన్సిల్లో అందరం ఆయన్ని ఇస్త్రీ అంటున్నాం. ఆస్తి పన్ను కొన్నేళ్ళు పూర్తిగా మాఫీ చేస్తే మా ఊళ్ళోనే కడతారట. "పక్క ఊరు పదేళ్ళు ఇస్తానంటోంది, మరి మీ ఇష్టం" అని మెల్లగా అన్నాడు. మా చైర్మన్ సంగతి నీకు తెలుసు కదా, మైకు దొరికితే వదలడు, మైకాసురుడు. "పదేళ్ళేమిటి, పన్నెండేళ్ళిద్దాం! ఊరి భవిష్యత్తు ముందు పన్నొక లెక్కా?" అని బల్ల గుద్దాడు. గ్లాసులో నీళ్ళు ఒలికి కమిషనర్‌గారి ఫైళ్ళు తడిశాయి. ఇంకా ఓటు దాకా రాలేదు కానీ ఊపు చూస్తే వచ్చేలాగే ఉంది.

పన్నెండేళ్ళు పన్ను రాకపోతే ఎగువ వార్డులకి నీళ్ళ పైపు ఎవరేస్తారు? నేను గెలిచిందే ఆ పైపు పేరు చెప్పి. అక్కడ ట్యాంకరు హారను వినపడితే ఆడవాళ్ళు పొయ్యి మీద ఉన్నది పొయ్యి మీదే వదిలేసి పరిగెత్తుతారు. ఓట్లకి వెళ్ళినప్పుడు ఒకావిడ నా చేతిలో బిందె పెట్టి, "ముందు ఇది నింపుకురండి, తర్వాత వింటాను" అంది. నింపుకొచ్చాకే విన్నది. అలాగని ఫ్యాక్టరీ రాకపోయినా పైపు రాదు. ఖజానాలో ఉన్నది జీతాలకే చాలడం లేదు.

పక్క ఊరంటే మీదే. రెండు గంటలు బస్సులో నడుం విరగ్గొట్టుకుంటే గాని రాని ఊరిని పక్క ఊరు అనడం ఇస్త్రీకే చెల్లింది. నువ్వక్కడ కౌన్సిల్లో ఉండి పదేళ్ళ మాఫీకి చెయ్యెత్తావంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. ఎత్తావా? తలుపులు మూసి మాట్లాడుకున్నది బయట చెప్పకూడదని నాకూ తెలుసు. చెప్పకపోతే ఏమీ అనుకోను. కొంచెం అనుకుంటాను.

నీ మరదలు


పశువుల ఆసుపత్రి,
చేతులు కడుక్కునే రాస్తున్నాను

మరదలా,

పదేళ్ళా! ఎవడన్నాడు? మేమన్నది అయిదు. అదైనా నేను చెయ్యెత్తలేదు. ముక్కు గోక్కుంటుంటే లెక్కలో వేసేసుకున్నారు.

అదే ఇస్త్రీ పోయిన నెల మా దగ్గర చెప్పిన మాట విను. "అవతలి ఊరు ఎనిమిదేళ్ళు రాసిచ్చేసింది, మా బాస్ అటే మొగ్గుతున్నాడు." అవతలి ఊరంటే మీరే! అది వినగానే మా వాళ్ళకి రోషం పొడుచుకొచ్చింది. అయిదు కాస్తా తొమ్మిది చెయ్యాలని గోల. మీరు నిజంగా ఎనిమిది రాసిచ్చారా?

ఆవు కడుపు మీద చెయ్యి వేసి దూడ ఎటు తిరిగి ఉందో చెబుతాను. ఆయన మొహంలో మాత్రం ఏమీ కనిపెట్టలేకపోయాను. నేను మనుషుల డాక్టర్ని కాకపోవడం ఊరికి మంచిదే అయింది.

మూసిన తలుపుల సంగతి నేను చెప్పేశాను కాబట్టి ఇప్పుడు నువ్వూ చెప్పాలి. నేనొక్కదాన్నే దొంగనైతే బాగుండదు.

మా తమ్ముడెలా ఉన్నాడు? వాడు పనిచేసే మిల్లు మూసేసినప్పటి నుంచీ నాకొక్క ముక్క రాయలేదు. అక్క మీద అలిగాడా, లోకం మీదా? ఇక్కడ మేడ మీద గది అద్దెకిచ్చాను, ఎవరో కొలతల పని మీద వచ్చిన మనిషికి. భోజనం మా దగ్గరే. తింటాడు చూడు, పెట్టే చేతికే నొప్పి పుడుతుంది.

వదిన


మా ఇల్లు, వంటింటి కిటికీ దగ్గర

వదినా,

ఎనిమిదీ లేదు, రాసివ్వడమూ లేదు! ఆయన మీ దగ్గరికొచ్చి ఆ మాట అన్న నాటికి మా ఊళ్ళో ఫ్యాక్టరీ అన్న పేరే ఎవరికీ తెలియదు. లేని వేలం పాట ఒకటి పెట్టి రెండూళ్ళతోనూ పాడిస్తున్నాడు. నీ ఉత్తరం చదివి నిలబడలేక ఇల్లంతా తిరిగాను. కూర మాడింది. మీ తమ్ముడు వచ్చి, "ఏమిటి, ఎవరైనా పోయారా?" అన్నాడు. "లేదు, ఒకాయన దొరికాడు" అన్నాను.

ఆ ఉత్సాహం దిగాక అలవాటు ప్రకారం సందేహం మొదలైంది. నేను నీకు చెప్పింది మా కౌన్సిల్ రహస్యం. నువ్వు చెప్పింది మీది. బంధువులం కాబట్టి చెప్పుకున్నాం. బంధువులు కాని రెండూళ్ళ గతేమిటి? మనం చేసింది తప్పయితే, ఆ తప్పు వల్లే కదా మోసం బయటపడింది. దీన్ని ఎటు తిప్పి చూసినా ఒకవైపు నున్నగా ఉంటుంది, ఇంకోవైపు గుచ్చుకుంటుంది.

ఏం చేద్దామో చెప్పు. నువ్వు చేసేదానివి, నేను ఆలోచించేదాన్ని. ఇంతకాలం అలాగే గడిచింది.

మీ తమ్ముడు బాగానే ఉన్నాడు. వీధిలో అందరి మిక్సీలూ మోటార్లూ బాగుచేస్తాడు, ఎవరి దగ్గరా తీసుకోడు. ఈ మధ్య ఎందుకో టూల్‌బాక్స్ బయటపెట్టి ఒక్కొక్క పానా తుడిచి నూనె రాస్తున్నాడు. నేను కారణం అడగలేదు.

నీ మరదలు


పశువుల ఆసుపత్రి

మరదలా,

చేసేదాన్ని కాబట్టి చెబుతున్నాను, విను. ఆలోచన వచ్చినప్పటి నుంచీ చెయ్యి ఒకచోట ఉండటం లేదు. పొద్దున ఒక మేకకి సూది రెండుసార్లు పొడిచాను, పాపం.

ఎవరూ ఒక్క ఏడాది కూడా మాఫీ ఇవ్వొద్దు. మీరూ ఇవ్వొద్దు, మేమూ ఇవ్వొద్దు. ఫ్యాక్టరీ ఎవరి ఊళ్ళో కట్టినా సరే, దాని మీద వచ్చే పన్నులో నూటికి అరవై ఆ ఊరికి, నలభై రెండో ఊరికి. రోడ్లూ నీళ్ళూ చెత్తా చూసుకునే ఊరికి ఎక్కువ, మిగిలింది రెండోవాళ్ళకి. రెండు కౌన్సిళ్ళూ ఒకే రోజు ఓటేసి తీర్మానం చెయ్యాలి. అప్పుడా ఇస్త్రీ ఎవర్ని చూపించి ఎవర్ని బెదిరిస్తాడు? ఇలా రెండు ఊళ్ళు ఒప్పందం రాసుకోవడానికి చట్టంలో వీలుందని మా కమిషనర్ అన్నాడు. అనేటప్పుడు ఆయన కళ్ళు కూడా మెరిశాయి. ఇన్నేళ్ళలో ఆయన కళ్ళు ఉన్నాయని మాకు తెలియడం ఇదే మొదలు.

మీ వాళ్ళని ఒప్పించడం నీ పని. నీ గీతలు గీసి చూపించు, కావాలంటే చుక్క నేను పెడతాను.

వదిన


కౌన్సిల్ హాలు బయట బల్ల మీద,
సభకి విరామం ఇచ్చారు

వదినా,

తొందరలో రాస్తున్నాను, అక్షరాలు చూసి తిట్టకు.

లోపల యుద్ధం జరుగుతోంది. నీ అరవై నలభై సంగతి చెప్పగానే బట్టల షాపాయన లేచాడు. తెలుసుగా, మూరకీ మీటరుకీ మధ్య బతికే మనిషి. "మన ఊళ్ళో కడితే మన పన్నులో నలభై వాళ్ళకెందుకు తల్లీ? వాళ్ళు మనకి చుట్టాలా?" అన్నాడు. అందరూ నన్ను చూసి నవ్వారు. "వాళ్ళ ఊళ్ళో కడితే నలభై మనకొస్తుంది, అది మాత్రం చేదా?" అన్నాను. "వాళ్ళ ఊళ్ళో ఎందుకు కడతారు? మనం పన్నెండేళ్ళిస్తుంటే!" అన్నాడు. "పన్నెండేళ్ళిచ్చి గెలిస్తే మనకొచ్చేది సున్నా. ఓడిపోతే వచ్చేది కూడా సున్నా. పంచుకుంటే ఓడిపోయినా నలభై. మీ షాపులో ఇలాంటి బేరం వస్తే వదులుతారా?" అన్నాను.

ఆయన వేళ్ళ మీద ఏదో కొలుచుకున్నాడు. తర్వాత, "మరి కంపెనీవాడు మూడో ఊరికి పోతే?" అన్నాడు. అదీ మంచి ప్రశ్నే వదినా. నేను నోరు విప్పేలోపే మైకాసురుడు మైకు అందుకుని, "మూడో ఊరుంటే వాళ్ళనీ కలుపుకుందాం! ఎవరినీ వదలం!" అన్నాడు. మొన్నటి పన్నెండేళ్ళ మాటే ఆయనకి గుర్తులేదు. హాలంతా చప్పట్లు.

నేను గాలిలో తేలుతున్నాను. కాళ్ళు కింద ఆనడం లేదు. పిలుస్తున్నారు, వెళ్తున్నా.

నీ మరదలు


పశువుల ఆసుపత్రి

మరదలా,

మా వాళ్ళూ సగం దిగివచ్చారు. "అవతలి ఊరివాళ్ళు మాట మీద నిలబడతారా?" అని అడిగారు. "నిలబడకపోతే వాళ్ళ ఇంటికెళ్ళి కూర్చుంటాను, ఎలాగూ మా తమ్ముడిల్లే" అన్నాను. దాంతో ఇంకో ఇద్దరు ఇటు మొగ్గారు. నా పేరు చెబితే మా ఊళ్ళో ఆవులే కాదు, మనుషులూ భయపడుతున్నారు.

రెండు చోట్లా ఒకే రోజు పదకొండింటికి ఓటు. ముందు రోజు పచ్చి మిరపకాయలు తినకు, నీకు గొంతు పట్టేస్తుంది.

ఇంకో మాట. మా వాడు పానాలకి నూనె ఎందుకు రాస్తున్నాడో నువ్వడగలేదన్నావు. నువ్వడగకుండా ఉండే మనిషివి కాదు. ఏమిటది?

వదిన


మా ఇల్లు

వదినా,

గెలిచాం! మీరూ గెలిచారని కమిషనర్‌గారు ఫోన్ పెట్టేసి రెండు చేతులూ పైకెత్తారు. బట్టల షాపాయన నన్ను పట్టుకుని, "తల్లీ, రేపు మా షాపుకి రా, నీకిష్టమైన రంగు తీసుకో" అన్నాడు. వెంటనే తేరుకుని, "సగం ధరకి" అన్నాడు. వెనక వరసలో ఇస్త్రీ కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి ఆయన చొక్కా నలిగింది.

ఇప్పుడు నీకు చెప్పనిది చెబుతాను. ఫ్యాక్టరీ మా ఊరికొస్తే కొలిమి దగ్గర మెయింటెనెన్స్ ఇన్‌చార్జి పని మీ తమ్ముడికే అని ఇస్త్రీ మాటిచ్చాడు. నేను కౌన్సిలర్ని కాబట్టి ఇచ్చాడో, ఆయన పనితనం చూసి ఇచ్చాడో తెలియదు. రెండూ అయి ఉంటాయి. నీకెందుకు చెప్పలేదంటే, నువ్వు ఆయన అక్కవి. చెబితే నీ చెయ్యి ఎటు లేస్తుందోనని భయపడ్డాను. నా చెయ్యి ఎటు లేస్తుందో నాకే తెలియలేదు.

ఓటుకి ముందు లేచి నిలబడ్డాను. "అందరికీ ఒక మాట చెప్పాలి. ఈ కంపెనీ మా ఆయనకి ఉద్యోగం ఇస్తానంది. నా మాటకి ఎంత విలువ కడతారో మీరే కట్టుకోండి" అన్నాను. గుసగుసలు. ఒకాయన, "మరైతే మాఫీకి ఓటెయ్యాలి కదమ్మా, ఫ్యాక్టరీ ఖాయంగా ఇటు వచ్చేలా?" అన్నాడు. "వెయ్యాలనే ఉంది. అందుకే పైకి చెబుతున్నాను" అన్నాను. ఆ తర్వాత చెయ్యి పంపకం వైపే లేచింది. చప్పట్లు కొట్టారు వదినా. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చాక్‌పీస్ దుమ్మని అబద్ధమాడాను. కౌన్సిల్లో చాక్‌పీసెక్కడిది?

నేను ఇంటికి చేరేలోపే వార్త చేరింది. మీ తమ్ముడు గుమ్మంలో నిలబడి, "నా ఉద్యోగం సంగతి మైకులో చెప్పావట. జీతమెంతో కూడా చెప్పాల్సింది, ఎవరైనా అప్పు అడిగేవాళ్ళు" అన్నాడు. నవ్వాను. ఆయన నవ్వలేదు. చేతిలో ఎదురింటివాళ్ళ మోటారు ఉంది, దాన్ని తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఒక గంట తర్వాత వచ్చి, "ఇంకా మన ఊరికి రాదని ఎవరన్నారు? సగం సగం అవకాశం ఉందిగా" అన్నాడు. తానే నాకు ధైర్యం చెప్పాడు.

ఉంది కదా వదినా, సగం సగం?

నీ మరదలు


మా ఇంటి మెట్ల మీద

మరదలా,

లేదు. ఎప్పుడూ లేదు.

ఈ పాటికి మీకూ తెలిసి ఉంటుంది, ఫ్యాక్టరీ మా ఊళ్ళోనే కడుతున్నారు. అది నాకు పేపర్లో వచ్చాక తెలిసింది కాదు, ముందే తెలుసు. మేడ మీద గదిలో ఉన్నది కంపెనీ సర్వేయరు. అరవై నలభై అని నీకు రాయకముందే, ఒకరోజు భోజనం దగ్గర అన్నాడు: "అవతలి ఊళ్ళో అంతా నల్లరేగడి డాక్టరమ్మా. వాన పడితే ఉబ్బుతుంది, ఎండకి పగులుతుంది. కొలిమి బరువు మొయ్యాలంటే పునాదులకే ఫ్యాక్టరీ అంత ఖర్చు. ఎవరెన్నేళ్ళు మాఫీ ఇచ్చినా మావాళ్ళు ఇక్కడే కడతారు. అవతలి ఊరు ఊరికే మిమ్మల్ని భయపెట్టడానికి." అన్నం కలుపుకుంటూ మామూలుగా అన్నాడు. నేను ఏమీ విననట్టు ఇంకో గరిటె పప్పు వడ్డించాను.

నీకు చెప్పి ఉంటే మీరు పోటీలోంచి తప్పుకునేవాళ్ళు, మీకు నలభై కాదు కదా నాలుగు కూడా వచ్చేది కాదు. మా వాళ్ళకి చెప్పి ఉంటే, "ఎలాగూ మనకే వచ్చేదానిలో వాళ్ళకి వాటా ఎందుకు?" అని నా మీద పడేవాళ్ళు. వాళ్ళన్నదీ న్యాయమే. కానీ నిజమూ తెలియక, ఆ ఒప్పందమూ లేకపోతే మా వాళ్ళు భయంతో తొమ్మిదేళ్ళూ పదేళ్ళూ మాఫీ ఇచ్చేసేవాళ్ళు, మా వీధి దీపాలు కూడా వెలిగేవి కావు. అందుకని ఎవరికీ చెప్పలేదు. పని జరిగింది. ఎవరికీ నష్టం లేదనుకుని హాయిగా నిద్రపోయాను.

నీ ఉత్తరం చదివాక ఆ నిద్ర పోయింది. నువ్వు సొంత మొగుడి ఉద్యోగం సంగతి నలుగురిలో చెప్పి చెయ్యెత్తావు. నేను నోరు మూసుకుని ఎత్తాను. వాడి ఉద్యోగం ముడిపడి ఉందని ముందే తెలిస్తే ఏం చేసేదాన్నో నాకు తెలియదు. నువ్వు చెప్పకపోవడమే మంచిదైంది అనుకుంటాను. మళ్ళీ, చెప్పి ఉంటే బాగుండేది అనీ అనుకుంటాను. నీ జబ్బు నాకంటించావు.

ఇక్కడ మొదటి ఉద్యోగాలు మా ఊరివాళ్ళకే అని తీర్మానంలో ఉంది. వాణ్ణి వచ్చి మా దగ్గర ఉండమను. మా చిరునామా రాసుకోమను. మేడ మీద గది ఖాళీ అవుతుంది.

కోప్పడు. కానీ రాయడం మానకు.

వదిన


ఎగువ వార్డు,
ఒకరింటి అరుగు మీద

వదినా,

కోపం వచ్చింది. రెండు రోజులు నిన్ను మనసులో 'మీరు' అన్నాను. అంతకన్నా పెద్ద తిట్టు నాకు దొరకలేదు.

ఇవాళ పొద్దున ఇంజినీరు వచ్చాడు. వచ్చే పన్ను చూపించి అప్పు తెచ్చుకోవచ్చట, పైపు పని ముందే మొదలవుతుంది. ఆయన సున్నంతో గీత వేసుకుంటూ వెళ్తుంటే వీధి వీధంతా వెంట నడిచింది. కుళాయి ఎవరింటి ముందు అనే దాని మీద అప్పుడే రెండు జట్లు. "మా గుమ్మం ముందైతే నీడ ఉంటుంది" అని ఒకామె. "నీడ తాగుతావా?" అని ఇంకొకామె. ఒక ముసలాయన గీత పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, ఎవరూ చెరపకుండా. నాకూ ఒంట్లో ఏదో పొంగింది. చిన్నపిల్లలా గీత వెంట చివరిదాకా నడిచాను. నువ్వుంటే నా కన్నా ముందు నడిచేదానివి.

మీ తమ్ముడికి నీ మేడ గది సంగతి చెప్పాను, ఎందుకు రాశావో చెప్పలేదు. "అక్క ఇంట్లో ఉంటే నన్ను కొలిమి దగ్గరికి పంపదు, ఆవుల కాళ్ళు పట్టుకోమంటుంది" అన్నాడు. వేరే చిరునామా రాసి ఉద్యోగం అడగనన్నాడు. అయితే మామూలుగా అందరితోపాటు దరఖాస్తు పెడతాడట. రోజూ రెండు గంటలు అటూ రెండు గంటలు ఇటూ బస్సులో పోతాడట. నేను వద్దనలేదు, సరే అనలేదు. ఆయన మాత్రం మళ్ళీ పానాలు తుడుస్తున్నాడు.

నువ్వు చెప్పినదాన్ని అన్ని వైపుల నుంచీ చూశాను. రానే రాని ఫ్యాక్టరీకి మాకు నలభై వచ్చింది. మమ్మల్ని మోసం చేశావనడానికి నోరు రావడం లేదు. మరి మీ వాళ్ళని చేశావా? నువ్వు లేకపోతే వాళ్ళకి ఆ అరవై కూడా మిగిలేది కాదు. నిజం చెప్పి ఉంటే నూటికి నూరూ వాళ్ళకే దక్కేది, ఆ సంగతి వాళ్ళకి తెలియదు కాబట్టి నష్టపోయినవాళ్ళు ఎవరూ కనిపించడం లేదు. అయినా రెండు హాళ్ళలోనూ చేతులెత్తినవాళ్ళు తాము సగం సగం అవకాశం మీద పందెం వేస్తున్నామనుకున్నారు. అది నిజం కాదని నీకొక్కదానికే తెలుసు. ఇప్పుడు నాకూ తెలుసు.

సోమవారం రెండూళ్ళ సంతకాలు. మా తరఫున చైర్మన్ పక్కన సంతకం పెట్టేది నేనే, కౌన్సిల్ ఏకగ్రీవంగా నా పేరే చెప్పింది. "మొగుడి సంగతే దాచని మనిషి, ఇంకేం దాస్తుంది" అని బట్టల షాపాయన అన్నాడు. చెబితే మీ కౌన్సిల్ నిన్ను వదలదు, వాటా వెనక్కి తీసుకుంటారు, ఈ వీధిలో వేసిన సున్నం గీత వానకి కొట్టుకుపోతుంది. చెప్పకపోతే, వాళ్ళు నమ్మి కూర్చోబెట్టిన కుర్చీలో అదే నమ్మకాన్ని కింద వేసుకుని కూర్చుంటాను.

నీ మీద కోపం తగ్గింది. నిన్ను కాపాడాలని ఉంది. ఆ పైపు నాకు కావాలి. వాళ్ళకి నిజం చెప్పాలనీ ఉంది. ఈ మూడూ ఒకేసారి ఎలా జరుగుతాయో నాకు తోచడం లేదు.

చెప్పాలా వద్దా అన్నది నేనింకా తేల్చుకోలేదు వదినా. సోమవారంలోగా తేలుతుందని కూడా మాటివ్వలేను.

నీ మరదలు